ప్లాస్టిక్ విప్పకండి, అభిప్రాయం పాడైపోతుంది!

పుస్తకం చదివినవాడికి దాని గురించి మాట్లాడే అర్హత లేదు!

తొందరపడి పేజీ తిప్పకండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా ఇంట్లో భోజనాల బల్ల పోగొట్టుకుని, ఒళ్ళో కంచం పెట్టుకుని తినడం అలవాటు చేసుకుని, మా బావమరిది బుగ్గ ఇంతలావున వాయడం కళ్ళారా చూసి, ఆపైన చాలా ఆలోచించి అంటున్నాను.

చదివినవాడు ఏం చేస్తాడండీ? నసుగుతాడు! “మొదట్లో బాగానే నడిచింది, మధ్యలో కాస్త సాగదీశాడు, ఆ ముసలి సైనికుడి దగ్గర మాత్రం ఎందుకో గొంతు పట్టేసింది” అంటాడు. దీన్ని అభిప్రాయం అంటారా? ఇలాంటి నసుగుడుతో ఒక వీడియో చెయ్యగలమా? గ్రూపులోంచి ఒకణ్ణి గెంటెయ్యగలమా? పోనీ, చిన్ననాటి స్నేహితుడితో మాటలైనా మానెయ్యగలమా?

అదే చదవనివాణ్ణి అడిగి చూడండి. తడుముకోడు. “చెత్త!” అంటాడు. లేదంటే “దీన్ని మించింది పుట్టలేదు, పుట్టబోదు!” అంటాడు. ఆ ధీమా చదివినవాడికి చచ్చినా రాదు. చదివితే అనుమానాలొస్తాయి. అనుమానాలొస్తే గొంతు తగ్గుతుంది. గొంతు తగ్గినవాడి మాట ఈ రోజుల్లో వినేదెవరు?

కనుక చదవకుండా అభిప్రాయం చెప్పడం మన కాలానికి దక్కిన వరం. దీన్ని తిట్టిపోసేవాళ్ళంటే నాకు కోపం కూడా రాదు, జాలి మాత్రమే. రుజువు కావాలా? మా ఇంటికి రండి. కూర్చోడానికి చోటుండదు, అది ముందే చెబుతున్నాను.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. మా ఇంట్లోనే ఉంటాడు. పగలంతా ఇనుప తాళ్ళు పట్టుకు లాగి చూస్తాడు. మిగిలిన జీవితమంతా ఒక ఆటకి రాసిచ్చేశాడు. బల్ల మీద ఆడే యుద్ధం అది. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులుంటారు. వాళ్ళు చేతులు ఒకచోట, కాళ్ళు ఒకచోట, తలకాయలు ఇంకోచోట డబ్బాలో వస్తారు. జిగురుతో అతికించాలి. వెంట్రుకంత బ్రష్షుతో రంగులెయ్యాలి. బల్ల మీద నిలబెట్టి, టేపు పెట్టి దూరం కొలిచి, డైస్ వేసి చంపాలి. ఒక్కో సైనికుడికి రంగు ఆరడానికి పట్టినంతసేపు కూడా పట్టదు, వాడు చావడానికి!

ఈ ఆటకి ఒక కథుంది. ఎక్కడో వేల ఏళ్ళ అవతల నక్షత్రాల మధ్య ఒక సామ్రాజ్యం, ఎప్పటికీ తెమలని యుద్ధం. ఆ కథ మీద నవలలున్నాయి. ఒకటీ రెండూ అనుకునేరు! మా వాడి దగ్గరున్నవన్నీ నేలమీద ఒకదానిపై ఒకటి పేరిస్తే వాడికంటే పొడుగయ్యాయి. నిజంగానే పేర్చి చూశాం. పుస్తకాల వల్ల ఉపయోగం లేదనేవాళ్ళు ఇది గమనించాలి.

ఇవన్నీ స్పెషల్ ఎడిషన్లు. అంచులకి బంగారు పూత. పైన బిగుతుగా ప్లాస్టిక్ కవరు. ఆ కవరు విప్పితే విలువ పోతుందట! అందుకని అద్దాల బీరువాలో పెట్టి, కళ్ళజోడు తుడిచే గుడ్డతో ఆ ప్లాస్టిక్‌ని తుడుస్తూ ఉంటాడు. ఒక్కటి కూడా విప్పలేదు. విప్పినవాణ్ణి ఇంట్లోకి రానివ్వడు.

మరి లోపలేముందో ఎలా తెలుసంటారా? ఎంత అమాయకులండీ మీరు! ఒకాయన వీడియోలో చెబుతాడు. ఆయనకి ఇంకో గ్రూపులో ఎవరో చెప్పారు. ఆ ఎవరోకి, వెనక అట్ట మీది నాలుగు ముక్కలు చదివిన వాళ్ళ తోడల్లుడు చెప్పాడు. తోడల్లుడు అబద్ధం ఎందుకు చెబుతాడు?

ఈ ఏర్పాటులో ఎంత సుఖముందో చూడండి. కళ్ళకి శ్రమ లేదు. కాగితం నలగదు. రచయిత అడ్డం రాడు. ఆ రచయితలు కూడా ఎంత మూర్ఖులో! ఒకాయన ఒక సైన్యాన్ని తనే పుట్టించాడు, తనే పేరు పెట్టాడు, తనే పెంచి పెద్ద చేశాడు. చివరికి అట్ట మీద ఆ సైనికుల భుజాలకి వేసిన నీలం తప్పు నీలమట! నిజానికి అట్ట వేసింది ఆయన కాదు. ఫ్యాన్స్ ఊరుకుంటారా? “ఈ సైన్యం గురించి నీకు ఓనమాలు తెలీవు” అని ఆయనకే రాసి పంపారు. ఆ లోకం పుట్టుపూర్వోత్తరాలని వీళ్ళు ‘లోర్’ అంటారు. లోర్ నేర్చుకుని రమ్మని ఆయనకి గడువు కూడా పెట్టారు. కన్నతల్లిని పట్టుకుని బిడ్డ గురించి నీకేం తెలుసనడానికి ఎంత గుండె కావాలి! పుస్తకం చదివుంటే ఆ గుండె వచ్చేదా?

ఇంకో లాభం చెబుతాను. ఒక ఆదివారం ఫ్యాన్స్ అంతా ఆటకి మా ఇంట్లో చేరినప్పుడు మా ఆవిడ పొరపాటున తమ్ముణ్ణి, “ఇన్ని ఉన్నాయి కదరా, ముందు ఏది చదవాలి?” అని అడిగింది. అడిగిందే పాపం! అచ్చయిన వరసలో చదవాలన్నాడొకడు. కథ జరిగిన వరసలో చదవాలన్నాడు ఇంకొకడు. బాగాలేనివి దాటేసి బాగున్న చోటు నుంచి మొదలుపెట్టాలని మూడోవాడు. బాగున్న చోటు ఏదన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకి మళ్ళీ చీలిక. “మొదటి పుస్తకంతో మొదలుపెడితే పోలా?” అన్న పెద్దమనిషిని ఎగాదిగా చూసి, తరవాతి ఆదివారం నుంచి పిలవడం మానేశారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. ఈలోపు మా ఆవిడ ఈత నేర్చుకుంది. ఆవిడకి ఆరోగ్యం ఇచ్చింది ఎవరు? ఈ ఫ్యాన్స్ కాదూ?

నా సంగతీ చెప్పుకోవాలి. ఆ బల్ల దగ్గర నాకు మంచి మర్యాదే ఉంది. నేను నేర్చుకున్నవి మూడే ముక్కలు. “టోన్ కుదరలేదు.” “ముందు భాగాల్లో ఉన్న పస లేదు.” “లోర్‌కి న్యాయం జరగలేదు.” గడ్డం నిమురుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అనాలి. ఏ నవలకైనా సరిపోతాయి. ఒకసారి ఆఫీసులో వార్షిక నివేదిక మీద మాట్లాడమంటే తడబడి ఇవే అనేశాను. మా మేనేజరు లేచి నిలబడి, “నా మనసులో మాట చెప్పారండీ” అన్నాడు. ఆయన కూడా దాన్ని చదవలేదని నాకు అప్పుడే అర్థమైంది. మేమిద్దరం ఇప్పుడు మంచి మిత్రులం.

ఇక అసలు విషయానికొస్తాను. వరం వరం అంటున్నాను కదా, ఆ వరం మా ఇంట్లో ఎంత గొప్పగా ఫలించిందో చెప్పాలి.

మా బావమరిదికి ఒక ప్రాణస్నేహితుడు. పళ్ళ డాక్టరు. ఇద్దరూ స్కూల్లో ఒకే బెంచీ. ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు కూడా బడి ఎగ్గొట్టేవాడట. డాక్టరు మా ఇంటికొస్తే బెల్లు కొట్టడు. వేలి కణుపుతో తలుపు మీద రెండు మెల్లగా, ఒకటి గట్టిగా తడతాడు. చిన్నప్పటి అలవాటు. ఆ చప్పుడు వినగానే మా వాడు చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తేవాడు. ఆదివారమైతే చాలు, ఇద్దరూ మా భోజనాల బల్ల మీద తలలు ఆనించి కూర్చుంటారు. డాక్టరు తన క్లినిక్కులోంచి సన్నటి డ్రిల్లు తెచ్చి, ఆ బొమ్మల తుపాకి గొట్టాలకి కన్నాలు పెట్టేవాడు. మనుషుల పళ్ళకి కూడా అంత శ్రద్ధగా పెట్టడని మా ఆవిడ అనుమానం. ఇద్దరి బ్రష్షులకీ నీళ్ళ గ్లాసు ఒకటే. ఒకసారి టీ అనుకుని ఆ గ్లాసు ఎత్తి తాగేసి, ఇద్దరూ పగలబడి నవ్వడం నేను చూశాను.

ఇంత చప్పిడి స్నేహం! గొడవ లేదు, అలక లేదు. ఎవరికి పనికొస్తుంది?

అప్పుడొచ్చింది గేటు పుస్తకం.

అసలు పేరు వేరే, కానీ ఫ్యాన్స్ అంతా గేటు పుస్తకమనే అంటారు. ఒక మంచు గ్రహం. దాని మీద ఒక కోట. ఆ కోట గేటుకి ఒక సార్జెంటు కాపలా. వీడియో ఆయన చెప్పిన ప్రకారం శత్రువులు విరుచుకుపడతారు. సార్జెంటు గేటు మూసేస్తాడు. అతని సొంత స్నేహితుడు బయటే ఉండిపోతాడు. అంతే. ఇంకేం కావాలి! ఆ సార్జెంటు వీరుడన్నాడు మా బావమరిది. కోటని కాపాడాడు, డ్యూటీ అంటే అదీ అన్నాడు. ద్రోహి అన్నాడు డాక్టరు. స్నేహితుణ్ణి బయట వదిలేసి గేటేసుకున్నవాడు వీరుడేంటి, వెధవ అన్నాడు.

మొదట నవ్వుతూనే అనుకున్నారు. తరవాత నవ్వు పోయింది, అనుకోవడం మిగిలింది. “నువ్వైతే నన్ను బయటే వదిలేస్తావన్నమాట” అన్నాడు డాక్టరు. “డ్యూటీ అయితే వదిలేస్తాను” అన్నాడు మా వాడు. డాక్టరు చేతిలో బ్రష్షు గ్లాసులో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆట సగంలో ఉంది. మా వాడి టాంకు డాక్టరు సైన్యం మీదికి సగం ఎక్కి ఆగిపోయింది.

ఇద్దరి దగ్గరా ఆ పుస్తకముంది. ఇద్దరివీ ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. ఆ గొడవకి ముందు వారమే మా వాడికి రూట్ కెనాల్ మొదలైంది. చేసేది ఇంకెవరు, డాక్టరే. లోపల శుభ్రం చేసి, పైన తాత్కాలికంగా సిమెంటు పెట్టి, “వచ్చేవారం రా, మిగతాది పూర్తిచేసి క్యాప్ వేస్తా” అన్నాడు. ఆ వచ్చేవారం రాలేదు. మధ్యలో గేటు పడింది.

సిమెంటు ఊడింది. నొప్పి మొదలైంది. బుగ్గ పొంగింది. మా ఆవిడ ఏడ్చినంత పనిచేసి, “ఇంకో డాక్టరు దగ్గరికి పోరా” అంది.

“వాడి దగ్గరే నా ఎక్స్‌రేలున్నాయి. అడగాలంటే మాట్లాడాలి.”

“మళ్ళీ తీయించుకో.”

“నా నోట్లో వాడు తప్ప ఇంకెవడూ చెయ్యి పెట్టలేదక్కా” అని, నోట్లో ఒక పక్కనే టీ పోసుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం వాణ్ణి మెచ్చుకున్నాను. చూశారా అభిప్రాయం బలం! స్నేహం సాఫీగా ఉన్నన్నాళ్ళు వాడు డాక్టరు గురించి ఎప్పుడైనా ఆలోచించాడా? ఇప్పుడు వేరే ఆలోచనే లేదు. నములుతుంటే డాక్టరే. ఆవులిస్తుంటే డాక్టరే. బల్ల మీద డాక్టరు సైన్యాన్ని ఎవర్నీ కదపనిచ్చేవాడు కాదు. రోజూ మెత్తటి బ్రష్షుతో ఆ బొమ్మల మీది దుమ్ము దులిపి, ఒక్కోటీ ఎలా ఉందో అలాగే పెట్టేవాడు. శత్రువు సైన్యానికి ఇంత సేవ ఏ యుద్ధంలో జరిగింది? ఆ బల్ల అలాగే ఉండిపోయింది. మేం కంచాలు ఒళ్ళోకి తీసుకున్నాం.

అంతా ఇలా చల్లగా సాగిపోతుంటే, మధ్యలో మా అత్తగారు దిగారు.

మా అత్తగారూ మాతోనే ఉంటారు. బీమా కంపెనీలో క్లెయిములు చూసి రిటైరైన మనిషి. కాలిపోయిన గోడౌన్లు, మునిగిపోయిన లారీలు, చావని మనుషుల చావు సర్టిఫికెట్లు, అన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. చిన్నక్షరాలు చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఇంకొకర్ని పెట్టనివ్వలేదు. ఇలాంటివాళ్ళు సమాజానికి ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కొడుకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఒరేయ్, ఆ గేటు ఎందుకు మూశాడు?”

“డ్యూటీ అమ్మా.”

“పుస్తకంలో అలా ఉందా?”

“ఉంటుంది.”

“ఉందా, ఉంటుందా?”

“అందరికీ తెలిసిందే కదమ్మా!”

“అందరూ సాక్షులైతే, చూసినవాడు ఒక్కడూ లేడన్నమాట” అన్నారావిడ. నాకు ఆ ధోరణి తెలుసు. ఆ గొంతు విని ఎందరో గోడౌన్ల ఓనర్లు మంచినీళ్ళడిగారు.

ఆవిడ లేచి బీరువా తెరిచారు. గేటు పుస్తకం తీశారు. వంటింట్లోంచి కూరలు తరిగే కత్తి తెచ్చారు. మా వాడు లేచి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఏం జరగబోతోందో మాకు తెలుసు, కానీ మనసు ఒప్పుకోవడం లేదు.

చర్రున చీరేశారు.

“అమ్మా! విలువ పోయిందే!” అని వాడు అరిచిన అరుపుకి పక్క ఫ్లాటువాళ్ళు బయటికొచ్చారు. పంటి నొప్పికి కూడా వాడు అలా అరవలేదు.

“విప్పకముందు దీని విలువెంతో నాకు తెలీదు. విప్పాక చెబుతా” అని ఆవిడ ప్లాస్టిక్‌ని ఉండచుట్టి బీరువా మూలలో పడేశారు.

తరవాత రోజూ మధ్యాహ్నం అదే వరస. బల్ల మూల ఒక టాంకుని వేలితో పక్కకి నెట్టి, ఆ ఖాళీలో కళ్ళజోడు పెట్టె పెట్టుకుని చదివేవారు. వరస తప్పిందని నేను చెప్పి చూశాను. ముందు భాగాలు చదవకుండా ఇది అర్థం కాదన్నాను. “టోన్ కుదరలేదు అత్తయ్యగారూ” అని కూడా అన్నాను. ఆవిడ పేజీలోంచి తలెత్తకుండా, “ఏ పేజీలో అల్లుడుగారూ?” అన్నారు. ఎంత మొరటు ప్రశ్న! అలా అడగొచ్చా, పెద్దమనుషుల్ని?

ఒకరోజు ఆవిడ చదువుతూ చదువుతూ ఆగిపోయారు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు. చాలాసేపు బల్ల మీద డాక్టరు సైన్యాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆ తరవాత ఫోన్ తీసి డాక్టరుకే చేశారు. “నాయనా, నా పన్ను ఒకటి కదులుతోంది. మెట్లు దిగి రాలేను, నువ్వే ఒకసారి రా” అన్నారు. మా అత్తగారి పళ్ళు సుత్తితో కొట్టినా కదలవు.

పాపం, వచ్చాడతను. సంచి పట్టుకుని. ఈసారి తలుపు తట్టలేదు, బెల్లు కొట్టాడు. ఆ బెల్లు విని మా వాడి మొహం ఎలా అయిందో నేను చూశాను. తలుపు మా ఆవిడ తీసింది. స్నేహితులిద్దరూ ఆ బల్లకి చెరోవైపు కూర్చుని, ఒకరి చెవి ఒకరు చూసుకున్నారు. మా అత్తగారు మధ్యలో కూర్చుని నోరు తెరవలేదు, పుస్తకం తెరిచారు.

“గేటు దగ్గరికొస్తున్నాను, వినండి” అన్నారు.

ఇద్దరూ ఒక్కసారే లేచారు! “స్పాయిలర్! స్పాయిలర్!” అని కేకలేసి చెవులు మూసేసుకున్నారు!

నాకు ఒళ్ళు పులకరించిందండీ. ఏ అధ్యాయం కోసం ఒకడు పన్ను కుళ్ళబెట్టుకున్నాడో, ఇంకొకడు ప్రాణస్నేహితుణ్ణి వదులుకున్నాడో, అదే అధ్యాయంలో ఏం జరిగిందో మాత్రం ముందే తెలిసిపోకూడదు! ఇంత నిష్ఠ ఎవరికుంటుంది? నేనూ వాళ్ళతోపాటే చెవులు మూసుకున్నాను, గౌరవం కొద్దీ. కాస్త సందు వదిలాను.

కానీ మా వాడి కర్మ, ఒక బుగ్గ బూరెలా పొంగి ఉంది. ఆ వైపు చెవి మీద చెయ్యి ఆన్చగానే “అబ్బా!” అని తీసేశాడు. మా అత్తగారు ఆ చెవివైపు కుర్చీ జరుపుకున్నారు.

“అక్కడ శత్రువులూ లేరు, యుద్ధమూ లేదురా” అన్నారు. “గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది. మంచు తుఫానులో ఎవరో బయటినుంచి తట్టారు. లోపలున్నవాడు ‘ఎవరది’ అని అడగాలి. అడక్కుండా బయటివాడు పలకకూడదు, అది కోట నియమం. తట్టింది తన స్నేహితుడేనని సార్జెంటుకి తెలుసు. ఆ తట్టే పద్ధతి తెలుసు. కానీ ఇద్దరికీ మాటల్లేవు. దేనికి పోయాయో పుస్తకంలో కూడా లేదు, వాళ్ళకే గుర్తులేదట. ఇంకోసారి తడితే అడుగుదాంలే అనుకున్నాడు. తట్టాడు. మళ్ళీ ఇంకోసారి తట్టనీ అనుకున్నాడు.” ఆవిడ పుస్తకం మూశారు. “ఇంకోసారి తట్టలేదు.”

డాక్టరు చేతులు ఎప్పుడు కిందికి దిగాయో నేను చూడలేదు. గ్లాసులో ఆ రోజు పెట్టి వెళ్ళిన బ్రష్షు అలాగే ఉంది, నీళ్ళెండిపోయి రంగు గట్టిపడి. అతను దాన్నే చూస్తున్నాడు.

చివరికి మా వాడు గొంతు సవరించుకున్నాడు. “ఈ రచయితకి లోర్ తెలీదు” అన్నాడు బల్లతో.

“సిరీస్ ఎప్పుడో పాడైపోయింది” అన్నాడు డాక్టరు, అతనూ బల్లతోనే.

మా అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆ మొహంలో అంత ఓటమి నేనెప్పుడూ చూడలేదు. “సరే నాయనా, నా పన్ను బాగానే ఉంది, వెళ్ళిరా” అన్నారు. డాక్టరు లేచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, మా వాడి బుగ్గవైపు చూశాడు. డాక్టరు చూపే, కానీ అంతకంటే ఎక్కువసేపు చూశాడు. తలుపు దగ్గరికేసి వెళ్ళిపోయాడు. సంచి బల్ల కిందే ఉండిపోయింది. మర్చిపోయాడో, వదిలేశాడో నాకు తెలీదు.

కాసేపటికి తలుపు మీద చప్పుడైంది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా.

మా ఆవిడ లేవబోయింది. అత్తగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. మా వాడు కదల్లేదు. వాడి కళ్ళు టాంకు మీదే ఉన్నాయి. మళ్ళీ చప్పుడైంది. రెండు మెల్లగా, ఒకటి అంతకంటే మెల్లగా. మా వాడు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. నాకైతే వాణ్ణి లేపి తలుపువైపు తొయ్యాలనిపించింది. అదేం పుస్తకంలో జరగడం లేదు, మా ఇంట్లో జరుగుతోంది!

తరవాత ఏ చప్పుడూ లేదు.

ఒక్క ఉదుటున లేచాడండీ మా వాడు! కుర్చీ వెనక్కి పడింది. బల్ల కాలు తగిలింది. ఇద్దరి సైన్యాలూ కుప్పకూలాయి. డైస్ దొర్లుకుంటూ పోయాయి. తలుపు తీసే తీరిక కూడా లేక, తలుపుకే మొహం ఆనించి, వాచిన నోటితో అరిచాడు.

“ఎవరదీ!”

అప్పటికే మెట్లు దిగిపోయినట్టున్నాడు. కిందెక్కడి నుంచో వినబడింది, “నేనేరా!” అని. తరవాత గబగబా పైకొస్తున్న అడుగులు. తలుపు తెరుచుకున్నాక అతనన్న మొదటి మాట, “నోరు తెరు” అని. వాడు తెరిచాడు. గుమ్మంలోనే నిలబెట్టి, సెల్‌ఫోన్ లైటేసి చూసి, “ఇన్నాళ్ళు ఎలా భరించావురా గాడిదా?” అంటూ డాక్టరు ఏడ్చేశాడు. మా వాడు నోరు తెరిచే ఏడ్చాడు. మా అత్తగారు బీరువా మూలలోంచి ప్లాస్టిక్ ఉండ తీసి, ఇప్పుడు పైకి తేలిన విలువెంతో లెక్కకట్టమన్నట్టు నా చేతిలో పెట్టారు.

చూశారా, ఒక్క మనిషి ఒక్క పుస్తకం చదివితే ఎంత నష్టమో! నిగనిగలాడే అభిప్రాయాలు రెండు నేలపాలయ్యాయి. వీరుడూ లేడు, ద్రోహీ లేడు. వీడియో చేసుకోడానికి ఏమన్నా మిగిలిందా?

నష్టం అక్కడితో ఆగలేదు. క్యాప్ పెట్టించుకున్నాక మా వాడు బీరువా తెరిచి, ఒక్కో పుస్తకం విప్పడం మొదలుపెట్టాడు. డాక్టరూ అంతే. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ నసుగుతున్నారు! “ఇక్కడ నాకు సరిగా అర్థం కాలేదురా.” “నాకూ అంతే, ఇంకోసారి చదువు.” ఇదీ వరస. నేను గడ్డం నిమురుకుంటూ “పస లేదు” అంటే, అత్తగారితో కలిపి ముగ్గురూ “ఏ పేజీలో?” అంటున్నారు. నా మర్యాద మంటగలిసింది. బల్ల కూడా తిరిగి రాలేదు. సైన్యాలు మళ్ళీ నిలబడ్డాయి, పక్కన పుస్తకాలు చేరాయి.

ఇంట్లో తలెత్తుకు తిరగాలి కదా! అందుకని, కేవలం అందుకనే, ఎవరూ లేనప్పుడు నేను కూడా గేటు పుస్తకం తీశాను. మొదట్లో బాగానే నడిచింది. మధ్యలో కాస్త సాగదీశాడు. ఆ సార్జెంటు దగ్గర మాత్రం ఎందుకో గొంతు పట్టేసింది. ఇంతకంటే స్పష్టంగా చెప్పలేను. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, ఆ పుస్తకం పేరెత్తగానే అందరూ నాకే చెబుతున్నారు. వీరుడంటున్నారు, ద్రోహి అంటున్నారు. అది కాదండీ అనబోతే చెవులు మూసుకుంటున్నారు.

ఈ వ్యాసం సంగతీ అంతేనని నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఈ పత్రికలో ఈ మూల కూర్చుని రాస్తున్నాను, ఆ మాత్రం తెలీదా? మీలో చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. “చదివినవాడికి అర్హత లేదంటాడా, వీడి పొగరు!” అని కొందరు, “మా మనసులో మాట చెప్పాడు!” అని కొందరు ఈపాటికి రెండు పార్టీలుగా విడిపోయి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి ఉంటారు. మీకు నా అభినందనలు. మీరెలాగూ ఇక్కడ లేరు.

అందుకే ఎవరూ వినడం లేదన్న ధైర్యంతో ఇక్కడ, చిట్టచివర, మెల్లిగా అంటున్నాను. మొదటి వాక్యం అబద్ధం. నాకు అభిప్రాయాలు అక్కర్లేదు, బోలెడున్నాయి. చివరిదాకా చదివి, మా బల్ల దగ్గర నాతోపాటు కాసేపు నసిగే మనిషి ఒక్కరు కావాలి. కంచం ఒళ్ళో పెట్టుకోవాల్సి వస్తుంది, ఏమీ అనుకోవద్దు.

ఉండండి, ఏదో చప్పుడైనట్టుంది. ఇంకోసారి తడతారేమోనని ఆగేంత మూర్ఖుణ్ణి కాను నేను.

ఎవరది?